పడవ కింద మోటారు, పడవ మీద జనరేటర్

బ్యాటరీ పడవ కొన్న మనిషి అందులో ఒక పెట్రోలు జనరేటర్ కూడా ఎక్కించుకుని బయల్దేరితే గట్టు మీదివాళ్లకు నవ్వొస్తుంది. పొగా, చప్పుడూ వద్దనుకునే కదా బ్యాటరీ పడవ కొన్నది, మళ్లీ ఈ డబ్బా దేనికి? ఆ డబ్బా ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ దండగో, ఈ ఆలోచన ఎంత పాతదో చెప్పే ముచ్చట్లు ఈసారి విశేషాలు.

సికింద్రాబాద్ వాళ్లు నవ్వకూడదు

రైల్వే ఊళ్లో పెరిగినవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. మనం డీజిల్ ఇంజన్ అని పిలిచే రైలింజన్‌లో చక్రాలను తిప్పేది డీజిల్ యంత్రం కాదు. ఆ యంత్రం ఒక జనరేటర్‌ను తిప్పుతుంది. అందులో పుట్టిన కరెంటు ఇరుసుల దగ్గరున్న మోటార్లకు పోతుంది. బండిని లాగేవి ఆ మోటార్లు. దశాబ్దాల పాటు దేశమంతా రైళ్లను లాగిన డబ్ల్యూడీఎం-2 రకం ఇంజన్‌నే తీసుకోండి: 16 సిలిండర్ల యంత్రం, 2600 హార్స్‌పవర్, ఆరు మోటార్లు. మొదట 1962లో అమెరికా నుంచి వచ్చింది, 1964 నుంచి వారణాసిలో తయారైంది. మౌలాలి డీజిల్ షెడ్ చుట్టుపక్కల కాపురమున్నవాళ్లు రాత్రిళ్లు విన్న ఆ గుడగుడ చప్పుడంతా, లెక్కకు, ఒక పెద్ద జనరేటర్ చప్పుడే.

ఇంత తిప్పలు ఎందుకు? డీజిల్ యంత్రం నిలబడ్డచోటు నుంచి వేల టన్నుల బండిని కదపలేదు, దానికి ముందు కొంత వేగం అందుకోవాలి. మోటారు మాత్రం సున్నా వేగం దగ్గరే పూర్తి బలం చూపిస్తుంది. అందుకని కరెంటు పుట్టించే పని యంత్రానికి, లాగే పని మోటారుకు అప్పజెప్పారు.

దీనికి తిరగేసిన కథ కూడా సికింద్రాబాద్ స్టేషన్‌లోనే చూడొచ్చు. ఏసీ బోగీలున్న రైళ్లకు చివర్లలో జనరేటర్ బోగీలు తగిలించేవారు. దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు అన్నీ వాటి మీదే నడిచేవి. ఇప్పుడు చాలా రైళ్లలో పైన వేలాడే తీగ నుంచే ఇంజన్ ద్వారా బోగీలకు కరెంటు ఇస్తున్నారు. ఒకప్పుడు ప్లాట్‌ఫాం చివర చెవులు పగలగొట్టిన ఆ బోగీ ఇప్పుడు చాలావరకు ఊరికే కూర్చుని వెంట వస్తోంది. తల మీద తీగ ఉన్నచోట జనరేటర్ దండగ. నీటి మీద తీగ ఉండదు, చిక్కల్లా అక్కడే.

హుస్సేన్‌సాగర్‌కు అక్కర్లేదు

ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 16వ శతాబ్దం నడుమ, హుస్సేన్ షా వలీ తవ్వించిన ఈ చెరువు పొడవు మూడు కిలోమీటర్లకు అటూ ఇటూ. లుంబినీ పార్కు నుంచి బుద్ధవిగ్రహం దాకా కిలోమీటరు కూడా లేదు. ఇక్కడ బ్యాటరీ పడవ నడపాలంటే జనరేటర్ మాటే ఎత్తక్కర్లేదు. పోయి వచ్చి గట్టున ప్లగ్గు పెట్టుకోవచ్చు. ఏటా ఇదే నీటి మీద హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీలు జరుగుతాయి. వాటి వెనక ఎక్కువగా ఉండేది సైన్యంలోని ఈఎంఈ విభాగం వాళ్లు. తిరుమలగిరి ఈఎంఈ కళాశాలలో సైన్యపు యంత్రాల మరమ్మతు నేర్పుతారు. యంత్రాల మనుషులు యంత్రమే లేని తెరచాప పడవలను నడపడంలో పేరు తెచ్చుకోవడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి ఒక ఊహా ప్రయాణం

జనరేటర్ విలువ తెలియాలంటే ఇలాంటి దారి కావాలి. సాగర్ నుంచి నాగార్జునకొండకు లాంచీలో సుమారు 11 కిలోమీటర్లు. అక్కడి దాకా మంచి బ్యాటరీ చాలు. అదే కృష్ణలో ఎదురు వెళ్లి శ్రీశైలం చేరాలంటే వంద కిలోమీటర్ల పైచిలుకు. రెండువైపులా నల్లమల. మధ్యలో చార్జింగ్ సంగతి అటుంచి, చాలాచోట్ల మనిషి జాడే ఉండదు. నీటిమట్టం బాగున్న రోజుల్లో పర్యాటక శాఖ డీజిల్ లాంచీ ఈ దారిన నడుస్తుంది, పగలంతా దాదాపు అందులోనే గడిచిపోతుంది.

ఇప్పుడు లెక్క. ఆరుగురు కూర్చునే ఒక తేలికపాటి పడవ, గంటకు 8 కిలోమీటర్ల వేగం, ఆ వేగానికి మోటారు తాగేది 2 కిలోవాట్లు అనుకుందాం. దూరం 110 కిలోమీటర్లు అనుకుందాం. నిలకడ నీటిలో దాదాపు 14 గంటలు, మొత్తం ఖర్చు 27 లేదా 28 యూనిట్లు. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిటే, కిలోవాట్ అవర్.

ఇళ్లలో ఇన్వర్టర్ కింద పెట్టే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లు ఉంటాయి. సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరుగుతుంది, కాబట్టి చేతికొచ్చేది 0.9 యూనిట్. ఈ ప్రయాణానికి అలాంటివి 30కి పైగా కావాలి. ఒక్కొక్కటి యాభై కిలోల పైమాటే. ఒకటిన్నర టన్ను సీసం, ఆమ్లం! ఆరుగురి పడవలో మనుషులకు చోటుండదు సరికదా, పడవే తేలదు. లిథియం బ్యాటరీలైతే సుమారు 180 కిలోలు. తేలుతుంది గానీ, వాటి ధరకు ఇంకో పడవ వస్తుంది. పైగా అంత బ్యాటరీ కావలసింది ఏడాదికి ఒకటి రెండు ప్రయాణాలకు. మిగతా రోజులన్నీ అది ఊరికే బరువు.

జనరేటర్ దారిలో వెళితే 21 కిలోల చిన్న యంత్రం, 17 లీటర్ల పెట్రోలు, నాలుగు యూనిట్ల చిన్న బ్యాటరీ. రోజూ తిరిగే ఐదారు కిలోమీటర్లకు బ్యాటరీ, శ్రీశైలం రోజున మాత్రం జనరేటర్. దూరప్రయాణానికి చద్దిమూట కట్టుకున్నట్టు.

లీటరు పెట్రోల్లో ఎన్ని యూనిట్లు?

లీటరు పెట్రోలు మండితే వచ్చే వేడిని కరెంటు లెక్కల్లోకి మారిస్తే దాదాపు 9 యూనిట్లు. చేత్తో మోసుకుపోయే చిన్న జనరేటర్ అందులోంచి మనకు దక్కించేది ఒకటిన్నర యూనిట్ చిల్లర. మిగతాదంతా పొగగొట్టం లోంచీ, వేడెక్కిన ఇనుములోంచీ గాలిలో కలిసిపోతుంది. వినడానికి దారుణంగా ఉంది కదా? అయినా ముప్పావు కిలో కూడా తూగని ఆ లీటరు, యాభై కిలోలు దాటిన ఇన్వర్టర్ బ్యాటరీని ఓడిస్తుంది. పెట్రోలు ఎంత చిక్కని ఇంధనమో ఇక్కడ తెలుస్తుంది.

ధర మాటకొస్తే, లీటరు వంద దాటిన ఈ రోజుల్లో జనరేటర్ యూనిట్ అరవై రూపాయల పైన పడుతుంది. ఇంటి ప్లగ్గు నుంచి తీసుకునే యూనిట్‌కు అది ఎన్నో రెట్లు. కాబట్టి గట్టున ప్లగ్గు ఉండగా జనరేటర్ ఆన్ చేసేవాడికి డబ్బు ఎక్కువైనట్టే.

తక్కువ పని చెబితే ఎక్కువ తాగుతుంది

హోండా వాళ్ల ఈయూ2200ఐ అనే పేరున్న చిన్న ఇన్వర్టర్ జనరేటర్‌ను తీసుకుందాం. ట్యాంకులో 3.6 లీటర్లు పడతాయి. పూర్తి బరువు మీద, అంటే 1800 వాట్లు ఇస్తూ 3.2 గంటలు నడుస్తుంది. పావు బరువు మీద 8.1 గంటలు. రెండో అంకె చూసి చాలామంది మురిసిపోతారు. లెక్క వేస్తే మొదటి పద్ధతిలో లీటరుకు 1.6 యూనిట్లు, రెండో పద్ధతిలో ఒక్కటే యూనిట్. అందుకే తెలిసినవాళ్లు జనరేటర్‌ను నడిపినంతసేపు గట్టిగా నడిపి, బ్యాటరీ నింపి, ఆపేస్తారు. రోజంతా సన్నగా గొణుగుతూ ఉంచరు.

సీసం బ్యాటరీ దగ్గర ఇంకో మెలిక ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు గబగబా తాగుతుంది. ఎనభై శాతం దాటాక చుక్కచుక్కగా తీసుకుంటుంది. ఆ ఆఖరి ఇరవై శాతం కోసం జనరేటర్‌ను గంటలకొద్దీ నడపడం పెట్రోలు పారబోయడమే. అది గట్టు చేరాక ఇంటి ప్లగ్గుకు వదిలేయాలి.

రాణిగంజ్‌లో అడగాల్సిన ప్రశ్న

పంపులు, మోటార్లు, బేరింగులు, జనరేటర్లకు సికింద్రాబాద్‌లో దారి రాణిగంజ్‌కే. అక్కడ జనరేటర్ బలం కేవీఏల్లో చెబుతారు. చార్జర్ మీద వాట్లు రాసి ఉంటాయి. రెండూ ఒకటే అనుకుంటే దెబ్బతింటారు. చవక చార్జర్లు కరెంటును తిన్నగా తీసుకోవు, అలల శిఖరాల దగ్గర గుంజుకుంటాయి. వాటి పవర్ ఫ్యాక్టర్ 0.6, 0.7 దగ్గర ఉంటుంది. అలాంటి 1500 వాట్ల చార్జర్‌కు నిజంగా కావలసింది 2.1 నుంచి 2.5 కేవీఏ. మీరు కొన్న 2 కేవీఏ జనరేటర్ దాన్ని తగిలించగానే మూలిగి ఆగిపోతుంది. దుకాణదారుడి తప్పేం లేదు. పవర్ ఫ్యాక్టర్ సరిదిద్దిన చార్జర్ కావాలని అడగాలి, అంతే.

ఇంకొకటి. సికింద్రాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి 300 మీటర్లకు గాలి పలచబడి చిన్న ఇంజన్ బలం సుమారు మూడున్నర శాతం తగ్గుతుంది. అంటే విశాఖ తీరంలో 1800 వాట్లిచ్చే జనరేటర్ ఇక్కడ 1700కు దగ్గరగా ఇస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఇంకాస్త తగ్గుతుంది.

పాత రకం జనరేటర్ ఎందుకంత రొద చేస్తుందో కూడా చెప్పుకోవాలి. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలది. అది రావాలంటే ఆ యంత్రం నిమిషానికి సరిగ్గా 3000 చుట్లు తిరగాలి, ఒక్క బల్బు వెలిగించినా సరే, పది వెలిగించినా సరే. ఇన్వర్టర్ రకం జనరేటర్ తన కరెంటును ముందు డీసీగా మార్చి, మళ్లీ 50 ఆవృత్తాల ఏసీగా తయారుచేస్తుంది కాబట్టి ఇంజన్ ఎంత వేగంతో తిరిగినా చింత లేదు. పని తక్కువైతే నెమ్మదిస్తుంది, చప్పుడూ తగ్గుతుంది. కరెంటు కోతల రోజుల్లో దుకాణాల మెట్ల మీద కనిపించిన ఎర్రని చిన్న జనరేటర్లు గుర్తున్నాయా? వాటిలో కొన్ని పెట్రోలుతో స్టార్టయి, వేడెక్కాక కిరోసిన్ మీద నడిచేవి. పడవలో ఆ రకం పెడితే పక్క ఊరికి ముందే కబురందుతుంది.

అర కిలోమీటరు వేగం వదులుకుంటే

పైన చెప్పిన ఊహా పడవలో 1800 వాట్ల జనరేటర్ చార్జర్ దాటి మోటారుకు అందించేది సుమారు 1600 వాట్లు. కావలసినవి 2000. లోటు బ్యాటరీ నుంచి వస్తుంది, బ్యాటరీ మెల్లగా తరుగుతూ పోతుంది. ఇక్కడొక తమాషా ఉంది. నీటిని చీల్చుకుపోయే పడవకు కావలసిన బలం వేగంతో సమానంగా పెరగదు, ఇంచుమించు వేగానికి ఘనంగా పెరుగుతుంది. రెట్టింపు వేగానికి ఎనిమిది రెట్ల బలం. దీన్నే వెనక్కి తిప్పితే, గంటకు 8 కిలోమీటర్ల నుంచి ఏడున్నరకు తగ్గితే చాలు, ఇంచుమించు 1600 వాట్లతోనే పడవ సాగిపోతుంది. బ్యాటరీ ముట్టుకోనక్కర్లేదు. పెట్రోలు ఉన్నంతసేపూ ప్రయాణమే. 110 కిలోమీటర్ల దారిలో మీరు పోగొట్టుకునేది ఒక గంట.

జనరేటర్ అసలే లేకపోయినా ఈ సూత్రం వర్తిస్తుంది. వేగం సగం చేస్తే అదే బ్యాటరీతో దాదాపు నాలుగు రెట్ల దూరం వెళ్లొచ్చు. నన్నడిగితే, దూరం పెంచే సాధనాల్లో అన్నిటికంటే చవకైనది వేగం తగ్గించే మీట. దానికి ఓపిక తప్ప పెట్టుబడి లేదు. దురదృష్టం ఏమంటే, ఆ సరుకు రాణిగంజ్‌లో దొరకదు.

పొగ లేని మొదటి పడవకు పొగ ఉంది

మొట్టమొదటి బ్యాటరీ పడవ 1838లో రష్యాలోని నేవా నది మీద నడిచింది. నడిపినవాడు మోరిట్జ్ జాకోబీ, ఎక్కినవాళ్లు సుమారు 14 మంది. తర్వాతి ఏడాది మరింత బలమైన గ్రోవ్ బ్యాటరీలు పెట్టాడు. అందులో ఉండేది నైట్రిక్ ఆమ్లం, అది పనిచేస్తుంటే ఘాటైన విషవాయువు వస్తుంది. బ్యాటరీని మళ్లీ చార్జి చేసే వీలు అప్పటికి లేదు. జింకు కరిగిపోతే కొత్తది వేసుకోవడమే.

1881లో పారిస్ వాడు గుస్తావ్ త్రూవే సెన్ నది మీద ఐదు మీటర్ల పడవకు వెనక తగిలించి తీసేసే కరెంటు మోటారు అమర్చాడు. అంటే ఔట్‌బోర్డ్ మోటారు పుట్టిందే కరెంటుతో. పెట్రోలు ఔట్‌బోర్డ్ తర్వాత వచ్చింది.

1880ల చివర్లో లండన్ థేమ్స్ నది మీద అద్దెకు బ్యాటరీ పడవలు తిరిగేవి. వాటికోసం నది పొడవునా చార్జింగ్ స్టేషన్లు పెట్టారు. వాటిలో కొన్ని నీటి మీద తేలేవే: పాత బార్జి మీద ఆవిరి యంత్రం, దానికో డైనమో. బొగ్గు పొగ వదిలే జనరేటర్ పడవ ఒకటి, దాని కరెంటు తాగి శుభ్రంగా తిరిగే పడవలు ఎన్నో. మనం ఇప్పుడు ఒకే పడవలో పెడుతున్న రెంటినీ వాళ్లు విడివిడిగా పెట్టుకున్నారు.

మహబూబ్ కాలేజీ నుంచి షికాగోకు

1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో వివేకానందుడు పాశ్చాత్య దేశాలకు తాను ఎందుకు వెళ్లదలచుకున్నాడో చెబుతూ ప్రసంగించాడు. అదే ఏడాది జూలై చివర్లో షికాగో చేరి, అక్కడి ప్రపంచ ప్రదర్శనను కొన్నాళ్లు తిరిగి చూశాడు. ఆ ప్రదర్శనలోని కాలువల మీద జనాన్ని తిప్పినవి యాభైకి పైగా బ్యాటరీ పడవలు. ఒక్క సీజన్‌లో పది లక్షల మందిని మోశాయి. సర్వమత సభ మన పాఠ్యపుస్తకాలకెక్కింది, ఆ పడవలకు చోటు దొరకలేదు.

వాటిని సమకూర్చిన ఎల్కో కంపెనీ తర్వాత ఐజాక్ రైస్ అనే వ్యాపారి చేతికి వచ్చింది. ఆయన బ్యాటరీల కంపెనీ అధిపతి, చదరంగమంటే ప్రాణం. ఆటలో ఆయన పేరుతో రైస్ గాంబిట్ అనే ఎత్తుగడ ఉంది. తన డబ్బు పోసి మరీ పెద్ద పెద్ద ఆటగాళ్ల చేత దాన్ని ఆడించాడు, అయినా ఎత్తుగడ నిలబడలేదు. కంపెనీ నిలబడింది. 1899లో ఆయన పెట్టిన సంస్థ పేరు ఎలక్ట్రిక్ బోట్. పేరు విని చెరువులో షికారు పడవ అనుకునేరు. అమెరికా నౌకాదళానికి జలాంతర్గాములు కట్టే సంస్థ అది, ఇప్పుడు అణు జలాంతర్గాములు కడుతోంది. 1900లో ఆ నౌకాదళం కొన్న హాలండ్ జలాంతర్గామి పైన తేలేటప్పుడు పెట్రోలు ఇంజన్‌తో, మునిగాక బ్యాటరీతో నడిచేది. ఆ పెట్రోలు ఇంజనే బ్యాటరీని నింపేది కూడా.

వెనక్కి నడవడం కోసం

1903లో రష్యా వోల్గా నది మీద వాండాల్ అనే చమురు ఓడ దిగింది. కట్టించింది నోబెల్ సోదరుల చమురు కంపెనీ. మూడు డీజిల్ యంత్రాలు, మూడు జనరేటర్లు, మూడు మోటార్లు. లోకంలో మొదటి డీజిల్ ఎలక్ట్రిక్ ఓడ అదే. దూరం కోసమో, పొదుపు కోసమో కాదు. అప్పటి డీజిల్ యంత్రాలకు వెనక్కి తిరగడం చేతకాదు, ఇరుకు కాలువల్లో ఓడను వెనక్కి నడపకపోతే ఎలా? మోటారైతే తీగలు మార్చగానే ఎదురు తిరుగుతుంది. అందుకని ఇంత హంగామా. కార్ల తయారీలో పేరు మోసిన ఫెర్డినాండ్ పోర్షే అంతకుముందే 1900లో పెట్రోలు జనరేటర్లతో బ్యాటరీ నింపుకుంటూ నడిచే కారు చేశాడు.

విశాఖ ఇసుకలో 91 మీటర్ల పాఠం

తెలుగువాళ్లు టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లి చూడగల అతిపెద్ద బ్యాటరీ పడవ విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఉంది. ఐఎన్‌ఎస్ కురుసుర, పొడవు 91.3 మీటర్లు. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకుంది, 2002 నుంచి మ్యూజియం. పిల్లలు టార్పెడోల దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఇంజన్ల గదిలో రెండు నిమిషాలు ఆగితే ఈ వ్యాసమంతా అక్కడే ఉంది.

ఫాక్స్‌ట్రాట్ తరగతికి చెందిన ఈ జలాంతర్గామికి మూడు డీజిల్ ఇంజన్లు, మూడు ప్రొపెల్లర్లు. నీటి కింద గాలి ఉండదు కాబట్టి డీజిల్ నడవదు, మోటార్లే గతి. పైకి వచ్చాక డీజిల్ నడుస్తుంటే అవే మోటార్లు జనరేటర్లుగా మారి బ్యాటరీ నింపుతాయి. ఈ తరగతి ఓడ పైన తేలుతూ 8 నాట్ల వేగంతో 20,000 నాటికల్ మైళ్లు పోగలదు. మునిగి బ్యాటరీ మీద, నత్తనడకలాంటి 2 నాట్లతో పోతే 380. ఒకే ఓడకు రెండు అంకెల మధ్య యాభై రెట్లకు పైగా తేడా. సమాసం చిన్నదే, డీజిల్ ఎలక్ట్రిక్. దాని అర్థమంతా ఆ తేడాలో ఉంది.

పూర్తిగా పైకి రాకుండానే బ్యాటరీ నింపుకునే ఉపాయం స్నార్కెల్. నీటి పైకి ఒక గొట్టం మాత్రం చాచి గాలి పీల్చుకుని డీజిల్ నడుపుతారు. 1930లలో డచ్చి నౌకాదళం దీన్ని వాడుకలోకి తెచ్చింది, రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు అందిపుచ్చుకున్నారు. చార్జింగ్ వేళే జలాంతర్గామికి అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే చప్పుడు శత్రువుకు వినిపిస్తుంది. మన పడవలో చప్పుడు చెడగొట్టేది ఒక్క నిద్రనే.

అదే విశాఖ తీరానికి ఆవల, 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. కారణం మీద ఇప్పటికీ వాదనలున్నాయి. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ దాడి అని ఒకటి, తాను పరిచిన మందుపాతరే అని ఒకటి. చార్జింగ్ వేళ బ్యాటరీల నుంచి వెలువడిన హైడ్రోజన్ పోగుపడి పేలిందని మరొకటి. మూడోది నిజమైనా కాకపోయినా, సీసం బ్యాటరీ నిండే వేళ హైడ్రోజన్ వస్తుందన్నది మాత్రం నిజం. మూతపెట్టిన పెట్టెలో బ్యాటరీ పెట్టి జనరేటర్‌తో నింపేవాళ్లు ఆ పెట్టెకు పైభాగాన గాలి దారి ఉంచాలి.

పొగ ఎటు పోతుంది?

ఇది మాత్రం తేలిగ్గా తీసుకునే విశేషం కాదు. పెట్రోలు జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, నిద్రమత్తు అనిపించేలోపే లేచి నడిచే శక్తి పోవచ్చు. పడవలో దీనికి తోడు ఒక మాయ ఉంది. ముందుకు పోతున్న పడవ వెనక గాలి పీడనం కాస్త తగ్గుతుంది. అందుకే చివరన పెట్టిన జనరేటర్ పొగ వెనక్కి పోకుండా సుడి తిరిగి లోపలికే వస్తుంది. పైన కప్పు, పక్కన పరదాలు ఉంటే మరీ ఎక్కువ. కాబట్టి క్యాబిన్‌లో జనరేటర్ పెట్టడం ఎలాగూ కూడదు, డెక్ మీద పెట్టినా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి.

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. గదిలోనైతే తలుపు కింద నుంచి పోతుంది. పడవ అడుగున పోయే దారి లేక గుంతలో నిలిచి ఉంటుంది, ఒక స్విచ్ మెరుపు చాలు. అందుకే నడుస్తున్న జనరేటర్‌లో పెట్రోలు పోయరు, డబ్బాను పడవ అడుగున దాచరు.

కేరళ వాళ్ల రెండు దారులు

2017 జనవరిలో కేరళలో వైకం, తవణక్కడవు మధ్య ఆదిత్య అనే సౌర పడవ మొదలైంది. 75 మంది ఎక్కుతారు. పైకప్పు మీద 20 కిలోవాట్ల సౌర ఫలకాలు, కింద 50 యూనిట్ల లిథియం బ్యాటరీ, రెండు మోటార్లు. రేవు నుంచి రేవుకు దూరం తక్కువ, ఎండ ఎక్కువ. జనరేటర్ పని సూర్యుడు చేస్తున్నాడు. 2020లో దీనికి గుస్తావ్ త్రూవే పేరుతో ఇచ్చే అవార్డు వచ్చింది.

2023 ఏప్రిల్‌లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రో పడవల్లో మాత్రం బ్యాటరీతో పాటు డీజిల్ జనరేటర్ కూడా ఉంది. రోజువారీ పని బ్యాటరీదే, పది పదిహేను నిమిషాల్లో రేవులోనే నిండుతుంది. వేగం ఎక్కువ కావలసినప్పుడు, బ్యాటరీ మొరాయించినప్పుడు జనరేటర్ అందుకుంటుంది. వందమందిని ఎక్కించుకుని సముద్రపు వాకిట్లో తిరిగే పడవ నడినీట్లో ఆగకూడదు కదా. పర్యావరణం పేరు చెప్పి ఆ డీజిల్ యంత్రాన్ని తీసిపారేయమనే వాళ్లతో నేను ఏకీభవించను.

చివరగా, కేరళ దాటి ఒక ముచ్చట. జర్మనీలోని స్టార్న్‌బర్గ్ సరస్సులో పెట్రోలు పడవ నడపాలంటే లైసెన్సు కోసం ఏళ్లతరబడి వరుసలో నిలబడాలి. అక్కడ ఇల్లు తీసుకున్న ఒకాయన ఆ వరుస చూసి విసుగెత్తి, మరొకరితో కలిసి 2005లో టార్కీడో అనే కరెంటు ఔట్‌బోర్డ్ మోటార్ల కంపెనీ పెట్టాడు. 2024లో దాన్ని కొనుక్కున్నది యమహా. పెట్రోలు ఔట్‌బోర్డ్‌లతో పాటు చిన్న జనరేటర్లు కూడా అమ్మే కంపెనీ అది.